రెండు చుక్కలు

అక్క పోయిన తొమ్మిదో రోజున, సోమవారం, ఆమె పనిలోకి వచ్చింది. వాద్యబృందంలో ఎవరు వాయించే భాగాన్ని వాళ్లకు విడిగా స్వరలిపిలో రాసివ్వడం ఆమె ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా అదే పని. ఆ వారమూ రాసింది. ఏం రాసిందో గుర్తులేదు. చెయ్యి దాని పాటికి అది రాసుకుపోయింది.

శుక్రవారం రిహార్సలు. బృందాన్ని నడిపే కండక్టరుకి చాటున 'టికెట్టు కొట్టని కండక్టరు' అని పేరు. ఆయన చెయ్యి ఊపాడు. మొదటి భాగం అయింది. అందరూ కాగితంలో వెనక్కి వెళ్లి దాన్నే మళ్లీ అందుకున్నారు. క్లారినెట్ పెద్దాయన ఒక్కడే ముందుకు సాగిపోయాడు.

ఆపి మళ్లీ మొదలుపెట్టారు. రెండోసారీ అంతే.

"ఏం పెద్దాయనా, చెవులు ఇంట్లో పెట్టొచ్చారా?" అన్నాడు కండక్టరు.

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన వచ్చే ఏడు రిటైరవుతాడు. వినికిడి తగ్గిందన్న పుకారు అప్పటికే ఉంది.

"కాగితంలో ఉన్నదే వాయించానండీ," అన్నాడాయన.

గోడవార కూర్చున్న ఆమె లేచి వెళ్లి చూసింది. భాగం చివర జంట గీతలున్నాయి. మళ్లీ వాయించమని చెప్పే రెండు చుక్కలు లేవు. సిగ్గు వేయాలి. వేయలేదు.

"తప్పు నాది సార్. చుక్కలు పెట్టడం మరిచిపోయాను."

పెన్ను తీసి అక్కడే పెట్టింది. పెద్దాయన గొంతు తగ్గించాడు.

"ఇన్నేళ్లలో నీ కాగితం తప్పడం చూళ్లేదు. ఒంట్లో బాలేదా అమ్మా?"

"మా అక్క పోయిందండీ."

"అయ్యో! ఎప్పుడు?"

"పదమూడు రోజులైంది." ఎవరి అక్కో అన్నట్టు చెప్పింది.

"ఒక్కరికైనా చెప్పలేదేం తల్లీ?"

"ఎవరూ అడగలేదు."

కండక్టరు విన్నాడు. "నోరు జారాను, ఏమనుకోకండి," అన్నాడు పెద్దాయనతో. ఆమె వైపు ఒకసారి చూసి, "మళ్లీ మొదట్నుంచి," అన్నాడు అందరితో.

ఆదివారం సాయంత్రం కచేరీ అయింది. వాద్యగాళ్లు తెర వెనక్కి వచ్చారు. ఆమె కాగితాలు పోగుచేసింది. హాల్లో మాత్రం "వన్స్ మోర్" కేకలు ఆగలేదు. మళ్లీ పంచింది.

"ఉండి విను," అన్నాడు పెద్దాయన.

తెర పక్కన నిలబడి వింది. తప్పులు లేవు. అంతకుమించి ఏమీ తెలియలేదు.

బస్సులో తను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఎక్కడో దిగి వెనక్కి నడిచింది. ఇంట్లో చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడింది. కాసేపటికి ఆకలేసింది. అక్క పోయాక అదే మొదటిసారి.