బాగున్న నాలుగు కోళ్ళు

గోరువెచ్చని ఉప్పునీళ్ళలో దూది ముంచి, పిండి, కోడి కంటి మీద ఉంచి ముప్పై వరకు లెక్కపెట్టాలి. అప్పటికి ఎండిన పుసి నానుతుంది, రెప్ప విడుతుంది. తొందరపడి లాగితే లేత తోలు ఊడి వస్తుంది. ఆమె పద్దెనిమిది దగ్గర ఉండగా అత్తగారు లోపలి నుంచి వేడినీళ్ళు అడిగారు. ఇరవై రెండు దగ్గర భర్త తువ్వాలు ఎక్కడుందని కేకేశాడు. తువ్వాలు అతని భుజం మీదే ఉండి ఉంటుంది. ఆమె ముప్పై పూర్తి చేసి, రెండో కన్ను కూడా తుడిచి, కోడిని గంప కింద పెట్టి అప్పుడు లేచింది.

వీధిలో ఆమెను కోళ్ళమ్మ అంటారు. నెల కిందట పెరట్లో పదకొండు కోళ్ళు ఉండేవి. మొదట నల్లదానికి గొంతులో గురక వచ్చింది. మూడు రోజుల్లో సగం వాటికి ముఖాలు వాచి, ముక్కులు కారాయి. పశువుల డాక్టరమ్మ వచ్చి చూసి, రెండు మందు సీసాలు, చుక్కలు వేసే గొట్టాలు ఇచ్చి వెళ్ళింది. అయినా మూడు చచ్చిపోయాయి. గోడ వార గుంట తవ్వింది, సున్నం చల్లింది, పూడ్చింది ఆమే. ఇంకో రెండిటిని మాంసం కొట్టువాడు పట్టుకుపోయాడని భర్త చెప్పాడు. ఆమె మార్కెట్ నుంచి వచ్చేసరికే అవి లేవు. ఇప్పుడు గంపల కింద రెండు జబ్బుతో ఉన్నాయి. మిగిలిన నాలుగూ కోలుకుని పెరట్లో తిరుగుతున్నాయి.

పూడ్చేటప్పుడు ఆమెకి ఏడుపు రాలేదు. ఒకప్పుడు గుడ్డు పగిలితేనే మనసు చివుక్కుమనేది. ఈమధ్య ఏదీ అనిపించడం లేదు. కాలు తిమ్మిరెక్కినప్పుడు అది మన కాలే అయినా మనది కానట్టు ఉంటుంది కదా, అలా ఉంది ఆమెకి, తల నుంచి పాదాల దాకా. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు కూడా మాటలు వాటంతటవే వచ్చి వెళ్ళిపోతున్నాయి. ఇదివరకు ఏదో ఒకటి అడిగేది. ఇప్పుడు అడగాల్సింది గుర్తుకు రావడం లేదు.

భర్త ఇనుపసామాన్ల కొట్టులో గుమస్తా. మాటకారి. తుప్పుపట్టిన గొళ్ళాన్ని కూడా "పాతకాలపు గట్టి సరుకు" అని అమ్మగలడని యజమానికి అతనంటే ముద్దు. శనివారం అన్నం తింటూ అతనన్నాడు:

"ఆ నాలుగూ బాగున్నాయిగా. టైలరమ్మకి ఇచ్చేద్దాం. రేపొస్తానంది. ఆ పెరడు ఖాళీ అయితే స్కూటర్‌కి రేకుల షెడ్డు వేసుకోవచ్చు."

"ఇవ్వకూడదండీ. తగ్గినట్టు కనిపించినా లోపల తెగులు ఉండిపోతుందట. వేరే కోళ్ళలో కలిపితే వాటికి అంటుకుంటుందని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. టైలరమ్మకి ఎనిమిది కోళ్ళున్నాయి."

"డాక్టరమ్మ అలాగే చెప్తుంది. అలా చెప్పకపోతే ఆవిణ్ణి ఎవరు పిలుస్తారు? జలుబు చేసి తగ్గిన మనిషిని నువ్వు ఇంట్లోకి రానివ్వవా ఏంటి?"

"మనిషి వేరు, కోడి వేరు కదండీ."

"వాడితో వాదించి గెలిచింది ఎవరే," అన్నారు అత్తగారు మజ్జిగ పోసుకుంటూ. "వాళ్ళ నాన్న గెలవలేకే ముందు వెళ్ళిపోయారు."

అతను నవ్వాడు. తల్లి మాట తనకి పొగడ్తలానే వినపడుతుంది. చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ, ఆమె భుజం మీద రెండు వేళ్ళతో తట్టాడు. "నువ్వేం అబద్ధం చెప్పక్కర్లేదు. నీ భక్తికేం లోటు రాదు. మాట్లాడేది నేను. నువ్వు ఊరికే పక్కన నించో. నువ్వుంటే అవతలివాళ్ళకి ఇంక అనుమానం రాదు."

ఆ మాటలో కోపం లేదు, బెదిరింపు లేదు. మెచ్చుకున్నట్టే అన్నాడు. గిన్నెలు తోముతూ ఆమె ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. పక్కన నించోవడం ఆమెకి కొత్త కాదు. పెళ్ళయిన మూడో ఏడు అన్నయ్య వచ్చి, ఏమ్మా ఇలా చిక్కిపోయావేంటి అని అడిగితే, "మా ఇంట్లో తిండికి కరువా బావా, మీ చెల్లెలే ఉందిగా, అడగండి" అన్నాడు ఈయన. ఆమె మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నించుంది. అన్నయ్య ఆమె ముఖంలోకి చూసి, స్థిమితపడి, నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. పిల్లల బడి పెద్ద టీచరు ఇంటికొచ్చి, మా చిన్న తరగతికి ఒక ఆయా కావాలి, మీలాంటి ఓపికున్న మనిషైతే బాగుంటుంది అన్నప్పుడు, "ఆవిడకి ఇల్లే లోకమండీ, గడప దాటమన్నా దాటదు" అన్నాడు. అప్పుడూ ఆమె నించుంది. ఆ టీచరు వెళ్ళిపోయాక అతను, "చూశావా, నీకు ఎంత గౌరవంగా చెప్పానో" అన్నాడు. నిజమే, గౌరవంగానే చెప్పాడు. ఆమె తన జీవితంలో ఒక్క అబద్ధం ఆడలేదని వీధంతా అంటుంది. ఆమె కూడా అలాగే అనుకుంది. అబద్ధం ఆడినవాడిది పాపం సరే, ఆ అబద్ధం పక్కన నిజంలా నించున్న మనిషి లెక్క దేవుడి దగ్గర ఎలా ఉంటుంది? పెద్దవాళ్ళు ఎవరూ ఆ సంగతి చెప్పలేదు. అడిగితే, ఆడదానికి మౌనమే అందం అన్నారు. అందం సరే. గిన్నె అడుగున మాడు వదలడం లేదు. ఆమె ఇంకొంచెం బూడిద వేసి తోమింది.

ఆదివారం పొద్దున టైలరమ్మ గంప పట్టుకుని వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది.

"తియ్యడం మర్చిపోయా వదినా. మొన్న ఇలాగే పెళ్ళికి వెళ్ళాను. అందరూ కొత్త ఫ్యాషనేమో అనుకున్నారు." నవ్వుతూ పెరటి మెట్టు మీద కూర్చుంది. భర్త పోయాక కుట్టుమిషనుతోనూ కోళ్ళతోనూ ఇల్లు నడుపుకొస్తున్న మనిషి. "ఏవీ, మన పెళ్ళికూతుళ్ళు?"

"అవిగో, నాలుగూ," అన్నాడు భర్త. గింజలు చల్లాడు. ఆ పెరట్లో అతను గింజలు చల్లడం ఆమె చూడటం అదే మొదటిసారి. కోళ్ళు కూడా కొంచెం ఆలోచించి గానీ రాలేదు. "చూడు, తోకలెలా నిక్కబొడుచుకున్నాయో. మీ వదిన పెంపకం. మాకు షెడ్డు కోసం గానీ, లేకపోతే ఈవిడ ప్రాణం పోయినా ఇస్తుందా?"

"గంపల కింద ఏమున్నాయన్నయ్యగారూ?"

"పొదుగుకొచ్చినవి. కదపకూడదు."

టైలరమ్మ తలూపింది. కోళ్ళ సంగతి తెలిసిన మనిషి కనక ఇంకో ప్రశ్న అడగడానికి నోరు తెరిచింది. తెరిచి, ఆమె వైపు చూసింది. ఆమె తులసిమొక్కలా తన చోట తను నించుని ఉంది. టైలరమ్మ చూపులో అనుమానం ఏమీ లేదు. తాళం వేశామో లేదో ఒకసారి చేత్తో తడిమి చూసుకున్నట్టు ఉంది, అంతే. చూసి, తృప్తిపడి, గంప మూత తీసింది.

ఆ తృప్తిని ఆమె ఇదివరకు చూసింది. నీళ్ళ గ్లాసు అందుకున్న అన్నయ్య ముఖంలో చూసింది.

"తీసుకెళ్ళకు," అంది ఆమె.

ఎవరూ వినిపించుకోలేదు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. "వీటిలో తెగులుంది. పైకి తగ్గింది, లోపల ఉంది. గంపల కిందవి పొదుగుకొచ్చినవి కావు, జబ్బువి. మూడు చచ్చిపోయాయి. నీ కోళ్ళలో కలిపితే వాటికీ వస్తుంది."

అతను చప్పున నవ్వాడు. "ఈవిడకి కోళ్ళు పోయాక కొంచెం భయం పట్టుకుందమ్మా. అన్నీ జబ్బువే అంటుంది. నన్ను కూడా గంప కింద పెట్టేట్టుంది."

టైలరమ్మ నవ్వలేదు. గంప మూత మెల్లిగా వేసింది. "మరి మొన్న పంపినవో?"

"ఏవి?"

"మెడ మీద ఈకల్లేనిదీ, గోధుమరంగుదీ. పోయిన మంగళవారం అన్నయ్యగారు తెచ్చారుగా. చొక్కాలు కుట్టినందుకు మీ వదిన ఇమ్మంది అని."

ఆమె భర్త వైపు చూసింది. అతను గింజల డబ్బాలోకి చూస్తున్నాడు.

"నిన్నటి నుంచి మావి రెండు మేత ముట్టడం లేదు," అంది టైలరమ్మ. "ఎండ ఎక్కువైందేమో అనుకున్నా. నిన్ను చూసే తీసుకున్నాను వదినా. ఆయన్ని చూసి కాదు."

తిట్టినా బాగుండేది. ఆమె ఇక్కడ, కోళ్ళు లేని మూలని చూస్తూ, పోనీలే, మాంసం కొట్టువాడి కత్తికి పదునుంటే బాధ తెలియదు అని తనకి తను చెప్పుకున్న సాయంత్రం, అక్కడ టైలరమ్మ గుమ్మంలో అతని మాట పక్కన ఆమె నించునే ఉంది. ఆమె లేకుండానే అతను ఆమెని పక్కన నించోబెట్టుకోగలడు. ఇన్నేళ్ళూ నించుని నించుని, అంత పని నేర్పింది అతనికి. గుండెలో ఏదైనా కదులుతుందేమో అని ఒక్క క్షణం చూసింది. పెద్దగా ఏం కదల్లేదు. కాళ్ళు మాత్రం లోపలికి నడిచి ఫోను తీసుకున్నాయి.

డాక్టరమ్మ ఎత్తింది. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది.

"ఎనిమిదిలో రెండేనా? అయితే ఇంకా చెయ్యి దాటలేదు. మీరిచ్చినవీ, ఆ రెండూ వెంటనే విడిగా పెట్టించండి. మిగిలిన ఆరిటికీ ఇవాళ్టి నుంచే గొంతులో మందు పడాలి. రెండు పూటలా, వారం రోజులు. ఆవిడకి వెయ్యడం వచ్చా?"

"రాదండీ. నేను వెళ్ళి వేస్తాను."

"వెళ్ళండి. కానీ ఒక మాట. అక్కడికి వెళ్ళే మనిషి మీ ఇంటి కోళ్ళని ముట్టుకోకూడదు. ఇక్కడా చేసి అక్కడా చేస్తే తెగులుని మీరే మోసుకెళ్ళినట్టు. స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, చెప్పులు కూడా కడిగి వెళ్ళండి. వారం దాకా మీ కోళ్ళని ఇంకెవరైనా చూసుకోవాలి."

"ఉన్నారండీ," అంది ఆమె.

టైలరమ్మని ముందు వెళ్ళి నాలుగు గంపలు సిద్ధం చెయ్యమని పంపింది. స్నానం చేసింది. చెప్పులు సబ్బుతో రుద్ది ఎండలో బోర్లించింది. ఇంట్లో రెండో మందు సీసా, కొత్త గొట్టం ఉన్నాయి, అవి సంచిలో వేసుకుంది. వాడుతున్న సీసా పెరటి మెట్టు మీదే వదిలేసింది.

భర్త మెట్టు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. "రెండు కోళ్ళకి ఇంత పంచాయితీనా," అన్నాడు. ఆమె సంచి ముడేసుకుంటోంది. అతను గొంతు తగ్గించాడు. "నలుగురిలో నా పరువేం కాను? ఇంట్లో చెప్తే వినేవాణ్ణి కదా."

"నిన్న చెప్పానండీ."

అత్తగారు గోడ పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చారు. "పొయ్యి వెలిగించలేదేమే?"

"లేదత్తయ్యా. నేను వచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. సాయంత్రం మళ్ళీ వెళ్ళాలి. వారం రోజులు."

ఆవిడ కొడుకు వైపు చూశారు, కోడలి వైపు చూశారు, మెట్టు మీది సీసా వైపు చూశారు. ఏదో అనబోయి, "చెప్పులు తడిగా ఉన్నాయి, జారతావు," అన్నారు.

ఆమె తడిచెప్పులే తొడుక్కుంది. గంప కింద ఒక కోడి గురగురమంది. చెయ్యి అటు చాపబోయి, ఆపుకుంది.

"దీనికిప్పుడు మందు టైము," అంది భర్తతో. "మూడు చుక్కలు. నాలుక మీద కాదు, పక్కన. ముక్కు వేళ్ళతో గట్టిగా నొక్కకండి. ముందు కళ్ళు తుడవాలి."

"నేనా?"

"నేను ముట్టుకోకూడదట."

"నాకు కోడిని పట్టుకోవడమే రాదు," అన్నాడు అతను. ఆ ఇంట్లో అతను ఆడిన మాటల్లో అంత నిజం ఆమె విని చాలా కాలమైంది.

"నాకూ రాలేదు," అంది ఆమె, గేటు గడియ తీస్తూ. "పట్టుకుంటే వచ్చింది."