ఎవరి తలంబ్రాలు ముందు?

ఓబులయ్యకు పొట్టేలంటే ప్రాణం. పెళ్ళాం చెంచమ్మకు అదంటే ఒళ్ళుమంట, ఆమె దొడ్లోకి వెళ్ళినప్పుడల్లా వెనక నుంచి కుమ్ముతుంది. అమ్మేద్దామని ఆమె, వద్దని ఈయన. పెళ్ళిలో ముందు తలంబ్రాలు పోసినవాళ్ళదే ఇంట్లో పైచేయి కదా! పోసింది నేనంటే నేనని ఇద్దరూ పెళ్ళినాటి నుంచీ వాదించుకుంటూనే ఉన్నారు. చివరికి పొట్టేలు సంగతీ దాంతోనే తేల్చుకుందామని పెళ్ళి క్యాసెట్టు సంచిలో వేసుకుని, రాచర్ల నుంచి ఆటోలో గిద్దలూరు వచ్చి, ఆదిశేషు వీడియో స్టూడియోలో కూర్చున్నారు.

ఆదిశేషు క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించి తలంబ్రాల దగ్గర ఆపాడు.

"మా చేతులకు దువ్వెన పండ్లు మొలిచినాయేంది అల్లుడూ?" అన్నాడు ఓబులయ్య.

"పాత కెమెరా మామా. సెకనుకు యాభై సగం బొమ్మలు తీస్తాది. ఒకసారి బేసి గీతలు, ఇంకోసారి సరి గీతలు. రెండూ కలిపితే కదిలేదంతా ఇట్ల చీలుతాది. ఒక సగం తీసేస్తే ఇరవై అయిదు నిండు బొమ్మలొస్తాయి."

తీసేశాడు. చేతులు నున్నగా వచ్చాయి. ఒక బొమ్మలో ఇద్దరి దోసిళ్ళూ నిండుగా ఉన్నాయి. తర్వాతి బొమ్మలో ఇద్దరి బియ్యమూ జారుతోంది.

"మా పెండ్లిలో సగం పారేసినావా?" చెంచమ్మ లేచింది. "నేను ముందు పోసింది ఆ సగంలోనే ఉంది!" వంగి చెత్తబుట్టలో కూడా చూసింది. పాస్‌పోర్టు ఫొటోకు వచ్చిన కరుణాకరం మేష్టారు తల దువ్వుకోవడం మాని ఓబులయ్య పక్షం చేరాడు.

ఆదిశేషు ఏ సగమూ పారేయకుండా, ఒక్కొక్క దాన్నీ నిండు బొమ్మగా సాగదీసి సెకనుకు యాభై చేశాడు. పోయిన బొమ్మ తిరిగొచ్చింది. అందులో ఓబులయ్య బియ్యం జారుతోంది. చెంచమ్మ దోసిలి కదల్లేదు.

ఓబులయ్యకు గంతులేయాలనిపించింది. పొట్టేలు దక్కింది! పెళ్ళాం వైపు చూశాడు. ఆమె అరవలేదు. కొంగు సర్దుకుని, "ఇంకేముంది, నువ్వెట్ల చెప్తే అట్లనే," అంది.

ఆ మాట ఆమె నోట అతను ఎన్నడూ వినలేదు. రేపటి నుంచి ప్రతిదానికీ ఇదే అంటే, ఇంట్లో తను ఎవరితో కొట్లాడాలి? నిజంగా భయమేసింది.

"ఆ యాభైది చెరిపెయ్యి అల్లుడూ. ఇరవై అయిదుదే పెన్‌డ్రైవులో ఎక్కియ్యి."

"మరి పొట్టేలు?" అన్నాడు మేష్టారు.

"అది ఇంటికాడ తేల్చుకుంటాంలే సారూ."

"తేల్చేదేముంది, అమ్మేదే!" అంటూ చెంచమ్మ సంచి అందుకుంది.

ఓబులయ్యకు ప్రాణం లేచొచ్చింది. "ఎట్ల అమ్ముతావో చూస్తా!" అని అరుస్తూ ఆమె వెనకే ఆటో ఎక్కాడు.