మోకాలి మీద చెయ్యి

నాన్న దర్జీ. చేతులు వణకడం మొదలయ్యాక సూదిలో దారం ఎక్కించడానికి కూడా అమ్మ కావాల్సి వచ్చింది. అలాంటి మనిషి, ఆసుపత్రిలో కొత్త మందును పరీక్షిస్తుంటే అందులో చేరి, మళ్లీ కాజాలు కుట్టాడు. ఇక అమ్మ మా ఇంట్లో ఆ మాత్రను ఒక్క మాట అననిస్తే ఒట్టు.

నాన్నకు వినికిడి తగ్గుతోందని అమ్మే ముందు కనిపెట్టింది. కనిపెట్టి, మహా తెలివిగా దాచింది. డాక్టరమ్మ ఏదైనా అడగగానే అమ్మ బల్ల కింద ఆయన మోకాలు నొక్కేది. ఒక నొక్కు అవును, రెండు నొక్కులు కాదు.

"కొత్తగా ఇబ్బందులేమైనా ఉన్నాయా?"

రెండు నొక్కులు. "ఏమీ లేవమ్మా, భేషుగ్గా ఉన్నాను."

నేనది చూసేశాను. ఒళ్లు మండి ఇంటికి రాగానే నిలదీశాను.

"చెబితే మందు ఆపేస్తారే! కుట్టుపని లేకపోతే మీ నాన్న బతుకుతారా? చెవులదేముంది, నేను లేనూ?" అంది అమ్మ.

తర్వాతిసారి ఆసుపత్రి వరండాలో ఒక లారీ డ్రైవరు మా పక్కన కూర్చున్నాడు. ఆయనదీ అదే మందు. "స్టీరింగు ఎంత గట్టిగా పడుతున్నానో తెలుసా అక్కా!" అని అమ్మకు చేతులు చూపించి మురిసిపోయాడు. ఇంతలో వెనకనుంచి నర్సు ఆయన్ను పిలిచింది. మళ్లీ పిలిచింది. గొంతు చించుకుంది. ఆయన మాత్రం నవ్వుతూ కబుర్లు చెబుతూనే ఉన్నాడు. అమ్మ ఆయన చేతుల మీంచి చూపు తిప్పి చెవుల వైపు చూసింది.

లోపల డాక్టరమ్మ హుషారుగా ఉంది. "త్వరలోనే ఈ మందును అందరికీ ఇవ్వడానికి అనుమతి వచ్చేస్తుంది. ఇబ్బందులేమైనా ఉన్నాయా?"

అమ్మ చెయ్యి మోకాలి మీదే ఉంది, కదల్లేదు. నాన్న ఆమె వైపు చూస్తూ, జవాబు సిద్ధంగా పెట్టుకుని నవ్వుతున్నాడు.

"ఆయనకు వినపడదమ్మా," అంది అమ్మ. "బయటున్నాయనకీ వినపడదు."

ఆ మందు వాడుతున్న అందరికీ చెవుల పరీక్షలు చేశారు. చాలామందికి అదే గతి. అనుమతి ఆగింది, మందూ ఆగింది. నాన్న చేతుల్లో వణుకు తిరిగొచ్చింది. పోయిన వినికిడి మాత్రం రాలేదు.

మూసిన కుట్టుమిషను పక్కన నాన్న రోజంతా ఊరికే కూర్చుంటున్నాడు. ఒక సాయంత్రం అమ్మ ఆయన ఎదురుగా కూర్చుని, ముఖంలోకి చూస్తూ, పెదవులు నెమ్మదిగా కదుపుతూ అడిగింది. "నేను చేసింది తప్పా?"

నాన్న చెయ్యి చాపి అమ్మ మోకాలి మీద పెట్టి నొక్కాడు. ఒకసారి నొక్కాడో, రెండుసార్లు నొక్కాడో, ఆ వణుకులో అమ్మకు తెలియలేదు.