ముందస్తు స్తోత్రం

“ఒక్క అక్షరం మారిస్తే నీ సొమ్మేం పోతుంది వసంతా?” అన్నారు మా ఆయన, నేను వేయించి పెట్టిన ఉల్లిపాయల్లోంచి ఓ పిడికెడు తీసి నోట్లో వేసుకుంటూ.

సాయంత్రం మా ఇంట్లో కూడిక. ఫార్మింగ్టన్ హిల్స్ చుట్టుపక్కలున్న తెలుగు క్రైస్తవ కుటుంబాలన్నీ నెలకో ఇంట్లో కలుస్తాం. ఈ నెల వంతు నిజానికి సత్యానందం అన్నయ్య వాళ్ళది. పైగా వాళ్ళబ్బాయి సామ్యూల్‌కి పరీక్షలో గొప్ప స్కోరొచ్చిందని కృతజ్ఞతా ప్రార్థన కూడా. కానీ వాళ్ళావిడ కరుణక్క నర్సు, ఆవిడకి హాస్పిటల్లో డబుల్ డ్యూటీలు పడ్డాయి. “అయితే మా ఇంట్లో పెట్టేసుకుందాం బ్రదర్, దానిదేముంది, వసంత చేసేస్తుంది” అని మా కృపావరం గారు ఫోన్లో మాటిచ్చేశారు. నలభై మందికి కోడి పులుసూ, పులిహోరా, గారెలూ. ‘దానిదేముంది’ అనే మాటలో ఎన్ని కిలోల ఉల్లిపాయలుంటాయో ఆయనకి ఈ జన్మకి తెలియదు.

ఆ ఫోన్లోనే ఇంకో మాట కూడా ఇచ్చేశారు. అదే ఈ అక్షరం సంగతి.

నేనిక్కడ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. రెండేళ్ళ నుంచి ఏపీ కాల్కులస్ కూడా నాదే. ఏపీ అంటే మన ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. కాలేజీలో చదవాల్సిన పాఠం హైస్కూల్లోనే చదివి, మే నెలలో దేశమంతటికీ ఒకటే అయిన పరీక్ష రాస్తారు. ఒకటి నుంచి ఐదు దాకా స్కోరు. అది వేరు, ఏడాదంతా హోంవర్కులూ టెస్టులూ చూసి నేనిచ్చే గ్రేడు వేరు. సత్యానందం అన్నయ్యకి కవల పిల్లలు, ఇద్దరూ నా క్లాసే. సామ్యూల్ హోంవర్కు ముట్టుకోడు, టెస్టు రోజున కడుపునొప్పంటాడు. నేను సి ఇచ్చాను. పరీక్షలో ఐదు తెచ్చుకున్నాడు. లూసీ ఒక్క లెక్క వదల్లేదు, ఏ ఇచ్చాను. పరీక్షలో రెండొచ్చింది.

ఇప్పుడు స్కూలు వాళ్ళు ఈ రెండింటినీ ముడిపెడదామంటున్నారు. ఐదొస్తే గ్రేడు ఏ అయిపోతుంది. ఒకటో రెండో వస్తే ఉన్న గ్రేడు ఒక మెట్టు దిగిపోతుంది. మంగళవారం బోర్డు మీటింగు. “పాఠం చెప్పేది మీరే కదా మిసెస్ కె, మీరు సరేనంటే పాసైపోతుంది, ఈ బ్యాచ్ నుంచే పెట్టేద్దాం” అన్నాడు మా ప్రిన్సిపల్. ఆయనకి నా పేరు పలకడం రాదు, పదకొండేళ్ళ నుంచి నేర్చుకోనూ లేదు. ఈ క్లాసు నాకిచ్చిన రోజున “మీ వాళ్ళకి మ్యాథ్స్ పుట్టుకతోనే వస్తుందిగా” అన్నాడు, అంటే దీనికోసం విడిగా ఒక పీరియడ్ ఖాళీ ఇవ్వక్కర్లేదని అర్థం. ఇన్నేళ్ళలో నన్ను ఒక అభిప్రాయం అడగడం ఇదే మొదటిసారి. లేకపోతే స్టాఫ్ పార్టీకి సమోసాలు తెస్తారా అని మాత్రమే అడుగుతాడు.

అంటే నేను ఊఁ అంటే సామ్యూల్‌కి సి పోయి ఏ వస్తుంది, లూసీకి ఏ పోయి బి వస్తుంది. మా ఆయన చెప్పేటప్పుడు మాత్రం ఇందులో మొదటి సగమే ఉంటుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు నా గ్రేడు ఆయన దానం చేసేశారు.

“మనమంతా అలా పైకొచ్చినవాళ్ళమే కదా?” అన్నారాయన, ఇంకో పిడికెడు ఉల్లిపాయలు తీసుకుంటూ. “ఏడాదంతా ఎవడేం చేశాడో ఎవడు చూశాడు? ఇండియాలో మార్చిలో ఎలా రాశావన్నదే లెక్క. వాడి మెడిసిన్ సీటు నీ చేతిలో ఉంది. కొంచెం ఆలోచించు.” అని కిందకి, బేస్‌మెంట్‌లో బేస్‌బాల్ ఆట చూడ్డానికి వెళ్ళిపోయారు.

ఆలోచించు అని ఆయన వెళ్ళిపోయారు గానీ, నాలుగు రోజుల నుంచి నేను చేస్తున్నది అదే. స్టవ్ దగ్గర నిలబడితే కాలు నిలవదు, కూర్చుంటే ఒళ్ళు నిలవదు. ఎందుకంటే నాకు పరీక్షల మీద కోపం లేదు. అదే నా చిక్కు. గుంటూరులో నేను బీయస్సీ చదివేటప్పుడు ప్రాక్టికల్ మార్కులు లెక్చరర్ల చేతిలో ఉండేవి. మాది ఏ పేటో, మా నాన్న ఎవరో చూసి వేసే మార్కులు. నా పక్క బల్ల అమ్మాయి నా రికార్డు చూసి రాసుకుని నాకంటే ఎక్కువ తెచ్చుకునేది. పబ్లిక్ పరీక్షలో మాత్రం నేనొక నంబరుని. ఏ ఊళ్ళోనో కూర్చుని నా పేపరు దిద్దినాయనకి నేనెవరి కూతుర్నో తెలియదు. ఆ తెలియకపోవడం వల్లే నాకు ఫస్ట్ క్లాసు వచ్చింది. నా ముఖం చూడని మనిషే నాకు న్యాయం చేశాడు. అలాంటిది ఇప్పుడు నేను లెక్చరర్ వైపు నిలబడి, పరీక్ష చెప్పింది కాదు, నేను చెప్పిందే ఖాయం అని ఎలా అనగలను? సామ్యూల్ నా పాఠం మధ్యలో బల్లమీద తల పెట్టుకుని పడుకుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. వాడి సి లో ఆ మంట ఎంతుందో నాకేం తెలుసు? లూసీ నోటుపుస్తకం తెరిస్తే ప్రాణం లేచొచ్చేది. దాని ఏ లో ఆ ముచ్చట ఎంతుంది? మింగలేక కక్కలేక తిరుగుతున్నాను. నిన్న పప్పు మాడ్చేశాను కూడా.

నాలుగింటికి పిల్లలిద్దరూ వచ్చారు, ఆంటీకి సాయం చేయమని తండ్రి ముందుగా దింపి వెళ్ళాడు. సామ్యూల్ “హాయ్ ఆంటీ” అని బేస్‌మెంట్‌లోకి దిగిపోయాడు. లూసీ చేతులు కడుక్కుని నా పక్కకొచ్చి నిలబడింది.

“ఆంటీ, కొత్తిమీర కట్ చేయనా?”

నాకు అడగాలని లేదు. అయినా నోరాగలేదు.

“లూసీ, ఆ పరీక్ష రోజు ఏమైందే నీకు?”

“ఐ వాజ్ టయర్డ్ ఆంటీ. అంతే.”

“ఎందుకని?”

“షామ్‌బర్గ్ నుంచి పాస్టర్ అంకుల్ వాళ్ళు వచ్చారు కదా, ఆ వీక్. మా ఇంట్లోనే ఉన్నారు, ఫైవ్ పీపుల్. అమ్మకి నైట్ డ్యూటీ. వాళ్ళు ఎర్లీగా వెళ్ళాలి, ఇడ్లీ చేసి పెట్టు అని డాడీ చెప్పారు. సో, నేను ఫోర్‌కి లేచాను. తర్వాత డిషెస్. తర్వాత స్కూల్‌కి.” కొత్తిమీర తరుగుతూనే చెప్పింది, ఏదో బస్సు టైములు చెప్పినట్టు. “సెకండ్ పార్ట్‌లో ప్రాబ్లమ్ చదువుతున్నాను, చదువుతున్నాను, నాకు ఏం అర్థం కాలేదు ఆంటీ. ఐ నో దట్ ప్రాబ్లమ్. మీరు టూ టైమ్స్ చేయించారు.”

“సామ్యూల్ లేచి కాస్త సాయం చేయలేదా?”

లూసీ తలెత్తి నావైపు ఆశ్చర్యంగా చూసింది. “సామ్‌కి ఎగ్జామ్ ఉంది కదా ఆంటీ.”

“మరి నీకు లేదా?”

కత్తి ఆగిపోయింది. “ఉంది,” అంది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు భయమేసింది. “ఐ నో. బట్... యూ నో.”

తెలుసు. తెలియకేం. నేను రాత్రి క్లాసులకి వెళ్ళి ఇక్కడ టీచర్ సర్టిఫికెట్ తెచ్చుకున్న మూడేళ్ళూ ఇంట్లో ఒక్క పూట వంట ఆగలేదు. “పరీక్షలుంటే ఒకరోజు ముందే వండి పెట్టేసుకో” అనేవారు మా ఆయన, ఎంతో ఉదారంగా. ఆయన ప్రమోషన్ ఇంటర్వ్యూకి మాత్రం వారం రోజులు ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. మా అత్తగారు ఇండియా నుంచి ఉత్తరం రాశారు, అబ్బాయిని విసిగించకు అని.

“మంగళవారం సంగతి తెలుసా నీకు?” అని అడిగాను.

“సామ్‌కి ఏ వస్తుంది అని డాడీ చెప్పారు.”

“నీకేమవుతుందో?”

“డాడీ అది చెప్పలేదు. స్కూల్లో కౌన్సెలర్ చెప్పారు. బి అయితే నా ర్యాంక్ పోతుంది, ఇంజనీరింగ్ స్కాలర్‌షిప్ రాదు.” మళ్ళీ తరగడం మొదలుపెట్టింది. “ఇట్స్ ఓకే ఆంటీ. నర్సింగ్‌కి బి చాలు అన్నారు డాడీ.”

“నీకు నర్సింగ్ ఇష్టమా?”

“ఇది గిన్నెలో వేసేయనా?” అంది లూసీ.

అప్పుడు పోయింది నా చిక్కు. ఆ కాగితం దిద్దేవాడికి నేనెవరి కూతుర్నో తెలియదు, నిజమే, అందుకు ఈనాటికీ దణ్ణం పెడతాను. కానీ ఆ పొద్దున ఎవరు నాలుగింటికి లేచారో కూడా వాడికి తెలియదు. ముఖం చూడకపోవడం ఒక్కోసారి న్యాయం, ఒక్కోసారి ఉత్త గుడ్డితనం. నేను మాత్రం ఏడాదంతా చూశాను. చూసినదాన్ని చూడలేదని చెప్పలేను. నాకు కోపం వచ్చింది. ఎంత కోపమంటే, గారెల పిండి గిన్నె బల్లమీద పెడితే లూసీ ఉలిక్కిపడింది.

ఆరింటికల్లా ఇల్లు నిండిపోయింది. కీర్తనలయ్యాయి, మా పాస్టరుగారి వాక్యం అయింది. కరుణక్క డ్యూటీ నుంచి తిన్నగా వచ్చింది, తెల్ల యూనిఫారం మీద స్వెట్టర్ వేసుకుని గోడవారన కూర్చుని కునుకుపాట్లు పడుతోంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను, నా వెనకాల లూసీ. మగవాళ్ళంతా సోఫాల్లో. దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చింది. సత్యానందం అన్నయ్య లేచారు.

“నా కుమారునికి ఐదుకి ఐదు అనుగ్రహించిన దేవునికి స్తోత్రం. అంతే కాదు, వాని గ్రేడును కూడా ఏ గా మార్చబోతున్నందుకు విశ్వాసంతో ముందుగానే స్తుతిస్తున్నాను. ఆ కార్యంలో వాడబడబోతున్న మన సిస్టర్ వసంతకుమారి గారి నిమిత్తం కూడా స్తుతిస్తున్నాను. హల్లెలూయ!”

“హల్లెలూయ, ఆమేన్!” అన్నారందరూ. మా ఆయన గొంతు అందరికంటే పైన. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అడగకుండానే అయిపోయింది నా పని. ఇక నేను కాదంటే సత్యానందం అన్నయ్యని కాదన్నట్టు కాదు, దేవుణ్ణే కాదన్నట్టు. ఎంత బాగా బిగించారో!

“ఇంకెవరైనా సాక్ష్యం చెప్పేవాళ్ళున్నారా?” అని మా ఆయన మాటవరసకి అడిగి, ఆఖరి కీర్తన పేజీ వెతుక్కుంటున్నారు.

“నేనున్నాను,” అన్నాను.

తలలన్నీ ఇటు తిరిగాయి. గుమ్మం దాటి హాల్లోకి వచ్చాను.

“సామ్యూల్‌కి ఐదొచ్చినందుకు నేనూ స్తోత్రం చెప్తున్నాను. వాడు తెలివైనవాడు. ఆ ఐదు వాడిది, ఎవరూ తీసుకోలేరు. ఆ సి కూడా వాడిదే. క్లాసులో ఏం చేశాడో వాడికి తెలుసు.” సామ్యూల్ కార్పెట్ వంక చూస్తున్నాడు, పాపం. “మంగళవారం మీటింగులో నేను వద్దనే చెప్తాను. గ్రేడు మార్చను.”

“అదేంటి చెల్లెమ్మా?” సత్యానందం అన్నయ్య ఇంకా నవ్వుతూనే ఉన్నారు, ఏదో చిన్న పొరపాటు దిద్దుతున్నట్టు. “పరీక్ష అబద్ధం చెప్తుందా? మరి లూసీకి రెండే వచ్చిందిగా, దానికి ఏ ఎలా ఇచ్చావు? ఆడపిల్లని జాలిపడ్డావా?” ఆ తర్వాత కాస్త మెల్లగా, “పిల్లలున్నవాళ్ళకి తెలుస్తుందమ్మా ఈ బాధ” అన్నారు.

మాకు పిల్లల్లేరు. ఆ మాట నాకు కొత్త కాదు. ఎప్పుడొచ్చినా తల దించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఆ వేళ వెళ్ళబుద్ధి కాలేదు.

“లూసీని ఏడాదంతా నేను చూశానన్నయ్యా. పరీక్ష ఒక్క పొద్దున చూసింది. ఆ పొద్దున అది నాలుగింటికి లేచి, మీ ఇంటికొచ్చిన చుట్టాలకి ఇడ్లీలు వేసి, గిన్నెలు తోమి, అప్పుడు పరీక్షకొచ్చింది. సామ్యూల్‌ని లేపలేదు, వాడికి పరీక్ష ఉందని. ఆ రెండు లూసీది కాదు, మనందరిదీ. స్తోత్రం చెప్పేటప్పుడు దాన్ని కూడా కలిపి చెప్పుకుందాం.”

ఎవరూ ఆమేన్ అనలేదు. ఒకాయన గొంతు సవరించుకున్నాడు. నా వెనకాల లూసీ ఊపిరి తీస్తున్న చప్పుడు నాకు వినిపిస్తోంది.

“వసంతా, భోజనాల సంగతి చూడు,” అన్నారు మా ఆయన, పేజీ మీంచి తలెత్తకుండా.

“మీరు చూడండి. అన్నీ వండే ఉన్నాయి,” అన్నాను. ఖాళీగా కనిపించిన కుర్చీలో కూర్చున్నాను. అది పాస్టరుగారి పక్క కుర్చీ. కూర్చున్నాక తెలిసింది, పొద్దుట్నుంచీ నేను కూర్చోనేలేదని.

అప్పుడు గోడవారన కరుణక్క లేచి నిలబడింది. ఇన్నేళ్ళ కూడికల్లో ఆవిడ సాక్ష్యం చెప్పడానికి లేవడం నేనెప్పుడూ చూడలేదు. మొగుడి వైపు చూడలేదు, నావైపూ చూడలేదు. గుమ్మంలో ఉన్న కూతుర్నే చూస్తూ నిలబడింది. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఆ రాత్రి డ్యూటీకి వెళ్ళేముందు,” అంది కరుణక్క, “బాదం పప్పు నూరి, పాలు కాచి, పొద్దున తాగమని మూతపెట్టి వెళ్ళాను. ఇద్దరికీ పరీక్షని నాకు తెలుసు లూసీ. ఒక్క గ్లాసే పెట్టాను.”