మూడు తెల్లవారుజాములు

ఎర్రమట్టి చెయిను సందుల్లో ఎండిపోతే ఒకంతట ఊడిరాదు. పాత పళ్ళ బ్రష్షుతో గీకాలి, కిరసనాయిలు గుడ్డతో తుడవాలి, మళ్ళీ గీకాలి. ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ నడుం వాల్చే వేళకి వాసవీకుమారి పెరట్లో కూర్చుని మొగుడి గేరు సైకిలు కడుగుతుంది. బరంపురంలో పప్పుల టోకు వ్యాపారం చేసే వెంకటరమణమూర్తికి నలభై ఆరో ఏట షుగరు పట్టుకుంది. డాక్టరు నడవమన్నాడు. షావుకారు రోడ్డున పడి నడిస్తే బావుండదని ఆయన సైకిలు కొన్నాడు. సైకిలు వెంట క్లబ్బు వచ్చింది, క్లబ్బు వెంట పన్నెండు మంది స్నేహితులొచ్చారు, వాళ్ళ వెంట ఉప్మా వచ్చింది. షుగరు ఆయనకి, ఆదివారాలు మూడున్నరకి లేవడం ఆమెకి. ఉప్మా, బఠాణీల ఘుగ్ని హాట్‌బాక్సుల్లో సర్ది కారులో పెట్టాలి. మొదట్లో తలా ఒక ఇంటి నుంచీ వంతులవారీగా వచ్చేవి. తర్వాత మూర్తే ఒప్పేసుకున్నాడు. "మా ఇంట్లో సేసేస్తాదిలే. దానికేటి పని?" అన్నాడట. ఆ మాట ఆమెకి ఇంకెవరో చెప్పారు.

వాళ్ళు ఎక్కే కొండ ఊరికి పడమట, జీడితోటలు దాటాక ఉంది. మొగలిపొదల మధ్య నుంచి మేకలు నడిచిన సన్నటి దారి. క్లబ్బువాళ్ళు దానికి సున్నంతో బాణాలు గీసి, ఫోనులో పటం ఎక్కించి, ఎవరు ఎన్ని నిమిషాల్లో ఎక్కారో చూసుకుంటారు. పైకి పోయేకొద్దీ గులకరాళ్ళు, ఎండిన వాగు, చివర రెండు బండల మధ్య ఒక మలుపు. అక్కడ అందరూ దిగి సైకిలు నెట్టుకుపోవలసిందే. "ఆ మలుపు దిగకుండా ఎక్కినోడే మగాడు" అంటాడు మూర్తి. ఆయనా దిగేవాడే.

ఆ మలుపుని వాసవి దిగకుండా ఎక్కింది. ఎలాగంటే, అది చెప్పుకోవాలి.

ఆ ఇంట్లో నెలకి మూడు రోజులు ఆడవాళ్ళు బయట ఉండాలి. పెరటి గదిలో ఒక చాప, ఒక చెంబు, ఒక కంచం. వంటకి కూలిమనిషి కాసమ్మ వస్తుంది. అత్తగారు భారతీదేవి తొమ్మిదింటికి కంచంలో ఇంత పెట్టి గుమ్మం ముందుంచి, నాలుగడుగులు వెనక్కేసి, "తిను. దేన్నీ ముట్టుకోకు" అని వెళ్ళిపోతుంది. పొద్దుపోయింది మొదలు మర్నాడు తొమ్మిది దాకా ఆ గదిలో మనిషి ఉందా, చచ్చిందా అని చూసేవాళ్ళుండరు. మొదటి ఏళ్ళలో వాసవి దానికి ఏడ్చేది. తర్వాత అలవాటైపోయింది. ఒక నెల, నిద్ర పట్టని తెల్లవారుజామున, వరండాలో గోడకానించి ఉన్న సైకిలు కనిపించింది. అప్పుడు తోచింది ఆమెకి, ఈ ఇంట్లో తనకి ఎవరూ పని చెప్పని రోజులు ఈ మూడే అని. పొలసరలో వాళ్ళ నాన్న సూరయ్యది చిన్న కిరాణా కొట్టు. ఆయనకి మోకాళ్ళ నొప్పులైతే, పదేళ్ళప్పటి నుంచీ ఈమే సైకిలు మీద కొండకింది ఊళ్ళకి ఉప్పూ పొగాకూ వేసుకెళ్ళేది. పెద్దమనిషయిందని సైకిలు మీంచి దింపేశారు. ఏ కారణంతో దింపారో, ముప్పయ్యేళ్ళకి ఆ కారణమే మళ్ళీ ఎక్కించింది.

హాస్టలుకెళ్ళిన కూతురు వదిలేసిన పంజాబీ డ్రస్సు వేసుకుని, దొడ్డితలుపు గడియ చప్పుడు కాకుండా తీసి, నాలుగింటికల్లా బయటపడేది. ఏడు కాకుండా వచ్చి, చక్రాలు తుడిచి, చాప మీద పడుకునేది. నెలకి మూడు తెల్లవారుజాములు. మొదటి నెల సగం కొండ నెట్టుకుంటూనే ఎక్కి, ఆయాసంతో బండ మీద కూలబడి ఏడ్చింది. సంతోషానికో నొప్పికో ఆమెకే తెలీదు. రోజూ పప్పు బస్తాల మెట్లూ, డాబా మెట్లూ ఎక్కిదిగే కాళ్ళు కాబట్టి మెల్లిగా దారికొచ్చాయి. ఆరో నెలలో ఒక మంగళవారం, ఎడంబండ పక్కనున్న జీడివేరు మీదుగా ముందుచక్రం పోనిచ్చి, ఛాతీ హ్యాండిలుకి ఆనేలా వంగి, ఊపిరి బిగబట్టి తొక్కితే, మలుపు తిరిగిపోయింది. పైనుంచి దూరంగా గోపాలపూర్ సముద్రం గీతలా కనబడుతోంది. "అమ్మా!" అని గట్టిగా అరిచింది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె అంత గట్టిగా అరిచింది అప్పుడే. వినడానికి అక్కడెవరూ లేరు, అదీ బావుంది.

హ్యాండిలుకి అగ్గిపెట్టెంత మీటరొకటి ఉంటుంది. తొక్కొచ్చాక మూర్తి ఊడదీసి లోపల పెట్టుకుంటాడు. ఆ వారం మరిచిపోయాడు. చక్రం కదిలితే అది తనంతట తానే లెక్క మొదలెడుతుందనీ, ఇల్లు చేరగానే ఇంటి వైఫైలోంచి ఆయన ఫోనుకీ, అక్కణ్ణుంచి క్లబ్బు ఫోనులన్నిటికీ పంపేస్తుందనీ ఆమెకేం తెలుసు? మట్టి తుడిచినట్టే దాన్నీ తుడిచి పడుకుంది.

ఎనిమిదింటికి వంటింటి పక్కనుంచి మూర్తి గొంతు వినిపించింది. క్లబ్బులో పండాబాబు ఫోను. "ఇరవై రెండు నిమిషాలా? మలుపు కాడ ఆగకుండానా? ఎవరూ?" అన్నాడు మూర్తి. వాసవి చాప మీంచి లేచి కూర్చుంది. తర్వాత ఆయన నవ్వాడు. "ఆఁ, అదే. నిద్దర పట్టనేదు భాయి. అలా ఒకసారి ఎల్లొచ్చాను."

కాసేపటికి పెరట్లోకొచ్చి, ఆచారం ప్రకారం దూరంగా నిలబడ్డాడు. ఆమె మడమల మీద ఎర్రమట్టి చూశాడు.

"నువ్వేనా?"

"ఊఁ."

తిడతాడనుకుంది. కొడతాడనీ అనుకుంది. ఎలా ఎక్కావే అని అడుగుతాడేమోనని కూడా ఒక పిచ్చి ఆశ. "బయటున్న మనిషివి, సైకిలు ముట్టుకున్నావా? అమ్మకి తెలిస్తే ఏటవుద్ది?" అని గబగబా లోపలికెళ్ళి పసుపునీళ్ళు తెచ్చి సీటు మీదా, హ్యాండిలు మీదా, రెండు చక్రాల మీదా చల్లాడు. మీటరు తడవకుండా అరచేయి అడ్డం పెట్టాడు.

"ఆళ్ళకి సెప్పండి, ఎక్కింది నేనని" అంది వాసవి.

"ఏటని సెప్పమంటావు? మా ఆడది ముట్టులో కొండెక్కిందని సెప్పనా?"

సైకిలుకి మైల అంటింది, ఇరవై రెండు నిమిషాలకి అంటలేదేమని అడగాలని ఆమెకి చాలాసేపటికి తోచింది. అప్పటికి ఆయన కొట్టుకి వెళ్ళిపోయాడు.

ఆదివారం క్లబ్బంతా ఇంటికే వచ్చింది. తలస్నానం చేసి మళ్ళీ మనుషుల్లో పడ్డ వాసవి ప్లేట్లు అందిస్తోంది. ఆయన మెడలో బంతిపూల దండ. పండాబాబు, "ఆ మలుపు ఎలా తిప్పావు భాయి?" అని అడిగితే, మూర్తి దండ సర్దుకుని "దమ్ముండాల" అన్నాడు. దమ్ముతో అయ్యే పనా అది? వాసవి నోరు దానంతటదే తెరుచుకుంది. "ఎడంబండ పక్కన జీడివేరుంది. ముందుచక్రం దాని మీంచి పోనిచ్చి, బాగా వంగి తొక్కాల. సీటు మీద కూకుంటే ఎనక్కి పడిపోతారు."

ఒక్క క్షణం అందరూ ఆమె వైపు చూశారు.

"అరె భావుజా!" అన్నాడు పండాబాబు. ఒడియా స్నేహితులు ఆమెని వదినగారన్నట్టు అలాగే పిలుస్తారు. "మూర్తి భాయి ఇంట్లో అన్నీ పూసగుచ్చినట్టు చెబుతాడన్నమాట! అదృష్టవంతురాలివి!"

అందరూ నవ్వారు. మూర్తి కూడా నవ్వాడు. ఆమె ఖాళీ ప్లేట్లు తీసుకుని లోపలికి వచ్చి, పంపు విప్పి, ఆ చప్పుడు మాటున ఏడ్చింది. ఇంతకంటే ఏం చెప్పగలదు? నిజం వాళ్ళ ముందే చెప్పింది, అది కూడా ఆయన గొప్పలో కలిసిపోయింది.

ఆ సాయంత్రం మూర్తి వంటింట్లోకొచ్చాడు. ఎప్పుడూ రాడు. మంచినీళ్ళు కూడా హాల్లోంచే అడుగుతాడు.

"ఇదిగో, వచ్చే నెల జిల్లా క్లబ్బులన్నిటికీ పోటీ. ఎవరి తీరికని బట్టి ఆళ్ళు ఎక్కి, టైము పంపడమే. నెలాఖరు దాకా గడువుంది." గొంతు తగ్గించాడు. "నీ రోజులు మళ్ళీ ఎప్పుడు?"

ఇరవై రెండేళ్ళలో ఆయన ఆ మాట అడగడం అదే మొదలు. కడుపునొప్పితో మెలికలు తిరిగినప్పుడు అడగలేదు. కడుపులో బిడ్డ పోయినప్పుడూ అడగలేదు.

"మామూలు రోజుల్లో నువ్వెల్తే అమ్మ సూస్తాది, వంటా ఆగిపోద్ది. ఆ మూడు రోజులైతే ఎవరికీ తెలీదు. మంచి బూట్లు కొంటాను. ఇరవైలోకి దించావంటే కప్పు మనదే."

మనదే అన్నాడు. ఆమెకి ఒక్క నిమిషం మనసు జారింది, అబద్ధమెందుకు. భయపడకుండా, గడియ చప్పుడుకి వణక్కుండా, పాదానికి సరిపడే బూట్లతో కొండెక్కొచ్చు. కానీ ఇకమీదట తెల్లవారుజామున ఆమెని లేపేది ఆయనే. ఎన్ని నిమిషాలైందని గుమ్మంలో అడిగేదీ ఆయనే. ఉప్మాలో ఉప్పు తగ్గిందేమని కసిరినట్టే, నిన్నకంటే ఆలస్యమైందేమని కసురుతాడు. ఆ ఇంట్లో ఆమె చేసే పనుల్లో కొండ కూడా ఒకటవుతుంది. వెళ్ళనని ఎదురు చెప్పే శక్తి ఆమెకి లేదు. ఆ మాట చెప్పి ఆ ఇంట్లో బతికినవాళ్ళు లేరు. "అలాగేనండి" అంది.

నెల తిరిగింది. ఇరవయ్యో తారీఖున మూర్తి సైకిలుకి గాలి కొట్టించాడు. "వచ్చాయా?" అన్నాడు. "నేదండి." ఇరవై నాలుగున అడిగాడు. "నేదండి." ఇరవై ఏడున విసుక్కున్నాడు. భారతీదేవి విని, "దాని వయసు నలభై రెండు దాటింది, ఇంక ఆగిపోయే కాలమేలేరా. నాకూ అంతే" అంది. మూర్తి మీటరు ఊడదీసి బీరువాలో పెట్టుకున్నాడు. పెరటి గదికి తాళం వేసేశారు. తెల్లవారుజామున కొండ మీద ఇంకెప్పుడూ నిలబడనని తెలిసి, దుప్పటి నోట్లో కుక్కుకుని ఆమె ఏడ్చింది. ఆ కొండని ఎవరికీ ఇవ్వకుండా దాచుకోవడానికి ఆమెకి దొరికిన దారి అదొక్కటే.

ఇరవై ఎనిమిది శుక్రవారం. వాసవి ఎప్పట్లాగే తలస్నానం చేసి, తడిచీరతో పూజగదిలో దీపం వెలిగించింది. అమ్మవారికి పులిహోర చేసి నైవేద్యం పెట్టింది. మడి కట్టుకున్న అత్తగారికి స్వహస్తాలతో వడ్డించింది. "ఈ రోజు మరీ బావుందే" అని భారతీదేవి రెండోసారి అడిగి వేయించుకుంది.

వాసవికి ఆ మూడు రోజుల్లో అది రెండో రోజు.