మూడవ గేరు కడ విలంబము

హేమంతము ముదిరి శిశిరమునకు దారి విడుచుచున్న దినములవి. దొనకొండ పరిసరములందలి నల్లరేగడి చేలమీద పలుచని మంచు పఱచుకొనియుండగా పండి వంగిన జొన్నకంకులపై పిచ్చుకలు కలకలారావము సలుపుచుండగా తూర్పుకొండల వెనుకనుండి అరుణబింబము మెల్లమెల్లగ తలయెత్తి ఆంగ్లేయుల యేలుబడినాటి పాత విమానముల బాటమీద తొలికిరణములను బఱపెను. విమానములు దిగుట మాని యెన్నియేండ్లయ్యెనో గాని యా బాటమీద నిత్యమును దిగునవి మేకలమందలు మాత్రమే. నాడు మాత్రము రెండు కారులు నిలిచియుండెను.

అందొకటి నీలమణిప్రభాభాసురము, వేఱొకటి పక్వదాడిమీఫలారుణము. రెండును సంసారుల బండ్లే. వెనుకసీటున పసిబిడ్డ కుర్చీకిని డిక్కీలో బియ్యపుమూటకును చోటుగలిగి ముందుభాగమున మాత్రము నూటయేబది గుఱ్ఱముల బలమును దాచుకొని పెండ్లియైన పహిల్వానువలె సాధుత్వము నటించుచుండునవి. నీలవర్ణపు బండి కనకవల్లి భర్తయగు శేషగిరిది. అరుణవర్ణపు బండి యామె తమ్ముడగు మాలకొండయ్యది.

ఈ రెంటిలో నేది ముందుగా నూఱు కిలోమీటర్ల వేగము నందుకొనునన్న వివాదము కనకవల్లి కుమారుని బారసాలనాడు భోజనపంక్తిలో పుట్టెను. "బావా, నీది కారు కాదు, చక్రాలున్న ఇనప మంచం" అని మాలకొండయ్య యెకసెక్కెమాడెను. "నీదానికి ఈల ఎక్కువ, ఉడుకు తక్కువ. కారనుకొని కుక్కరు కొనుక్కున్నావా ఏంది?" అని శేషగిరి బదులాడెను. పంక్తియంతయు గొల్లుమనెను. మాలకొండయ్య మొగము కందగడ్డ చేసికొని విస్తరి ముందునుండి లేచిపోయెను. అన్నము ముందునుండి లేచినవాని యలుక సులభముగ నాఱునా? పదినెలలు గడచినను అతడా గడప త్రొక్కలేదు.

తల్లిదండ్రులు గతించిన కనకవల్లికి పుట్టినిల్లనగా నా తమ్ముడొక్కడే. రానున్న గురువారము బిడ్డకు చెవులు కుట్టింపవలెను. మేనమామ యొడిలో గూర్చుండబెట్టి కుట్టింపవలసిన చెవులవి. తోడబుట్టినవాడు బ్రదికియుండగా బిడ్డ నింకొకరి యొడిలో నెట్లు పెట్టుదునని యామె ఫోనులో గంటసేపు కన్నీరు కార్చినమీదట మాలకొండయ్య యొక్క మెట్టు దిగెను. "బండ్లు తోలి చూద్దాం అక్కా. నేను గెలిస్తే బావే తాంబూలం పట్టుకొచ్చి పిలవాల. ఓడితే మాత్రం రాను. వచ్చి పదిమందిలో ఎగతాళి పడలేను" అనెను. శేషగిరియు సరేయనెను.

ఒకరి తరువాత నొకరు ఒక్కొక్కసారి మాత్రమే తోలవలెననియు ఇరువురి ప్రక్కను కనకవల్లియే కూర్చుండి వేగము చూపు ముల్లు నూఱును ముట్టిన క్షణమున గడియారము మీట నొక్కవలెననియు నిర్ణయము జరిగెను. అక్క అబద్ధమాడదని తమ్మునికిని ఆలు అబద్ధమాడదని మగనికిని అంత నమ్మకము. ఆ నమ్మకమే యామెకు మెడకు డోలైనది.

మొదట మాలకొండయ్య తోలెను. చెప్పులు విడిచి స్టీరింగును తాకి కన్నుల కద్దుకొని యాక్సిలరేటరును నేలకు దొక్కినంతనే యరుణశకటము దుమ్ము రేపుచు దూకెను. కనకవల్లి వీపు సీటునకు గఱచుకొనిపోయెను. ముల్లు నూఱును ముట్టునప్పటికి ఎనిమిది సెకండ్ల మీద ఎనిమిది పదోవంతులు. బండి దిగిన మాలకొండయ్య మీసము దువ్వుకొనెను.

కనకవల్లికి మాత్రము దిగులు పట్టుకొనెను. ఏలయన శేషగిరి బారసాలనాటి యెకసెక్కెమును మనసున బెట్టుకొని యీ పదినెలలును ఆదివారమాదివారము ఇదే బాటమీద నామెను ప్రక్కను గూర్చుండబెట్టుకొని సాధన చేసియుండెను. ఎన్నడును ఎనిమిది సెకండ్ల మీద నాలుగు పదోవంతులు దాటినవాడు కాడు. మగడు గెలుచుట నిశ్చయము. తమ్ముడు రాకుండుటయు నిశ్చయము. అడకత్తెరలో పోకచెక్కయైన యా యిల్లాలు తన మగడు ఓడిన బాగుండునని మొక్కుకొనెను. మొక్కుకొని సిగ్గుపడెను. తుదకు మీట నొక క్షణము జాగుచేసి నొక్కుదునని నిశ్చయించుకొని నీలశకట మెక్కెను. గడియారము పట్టిన చేతి బొటనవ్రేలు వడవడ వణకుచుండెను.

శేషగిరి యామె వంక నొకసారి చూచి బండి దుమికించెను. మొదటి గేరు నిర్దోషముగ బడెను. రెండవది వెన్నలో కత్తివలె దిగెను. ఇరుప్రక్కల తుమ్మచెట్లు వెనుకకు పరుగిడెను. ముల్లు తొంబదిని దాటి మూడవ గేరు వేయవలసిన యా తరుణమున తొమ్మిదేండ్ల కాపురములో నామె యెన్నడును తడబడగా చూడని యతని యెడమచేయి గేరుకఱ్ఱమీద నూరక నిలిచిపోయెను. ఒక్క యూపిరి కాలము. ఇంజను వట్టినే ఘూర్ణిల్లెను. పిమ్మట గేరు పడెను. ముల్లు నూఱును ముట్టెను. కనకవల్లి వ్రేలు సరిగా నా క్షణముననే తనంత తాను మీట నొక్కెను. తొమ్మిది సెకండ్ల మీద ఒక పదోవంతు.

గడియారము చూచిన మాలకొండయ్య యెగిరి గంతువేసెను. వేసినవాడు వెంటనే నిలువబడి బొమలు ముడిచెను.

"బావా, మూడో గేరు కాడ ఏమైంది? ఇంజను ఉత్తినే అరిచింది. ఇంకోసారి తోలు."

కనకవల్లి గడియారమును కొంగుచాటున దాచుకొనెను. శేషగిరి మాత్రము తొణకక "ఒక్కసారే అనుకున్నాం. ఓడిపోయా. గురువారం పొద్దున పదింటికి ముహూర్తం. ఇయ్యాల సాయంత్రమే తాంబూలం పట్టుకొని నేనే వస్తా" అనెను.

మాలకొండయ్య బావ మొగమును చాలసేపు చూచెను. ఇంజను గొంతు నెఱిగినవానికి మనిషి గొంతు తెలియకపోవునా? అతని కన్నులు చెమర్చెను.

"నువ్వు రానక్కర్లేదులే బావా. బుధవారమే నేనొస్తా. పనులుంటాయిగా" అని గొణిగి తన బండి యెక్కి దడాలున తలుపు వేసికొనెను.

తిరుగుదారిని కనకవల్లి మెల్లగా "మీకు గేరు తప్పటం నేనెప్పుడూ చూళ్లేదు" అనెను.

శేషగిరి చూపు దారి మీదనుండి మరల్చక "నీ బొటనవేలు వణుకుతుండటం చూశా. ఆ అబద్ధమేదో నేనే ఆడితే పోలా అనుకున్నా" అనెను.

పదినెలల సాధనను పదుగురిలో పరువును ఒక్క యూపిరిలో విడిచి తనకు తమ్ముని దక్కించి తన నాలుకను గూడ కల్లకు దూరము చేసిన యా మనుజునియెడ కృతజ్ఞత పొంగి వరదయై కన్నుల గట్టు తెంచెను. ఆమె యతని తొడమీద నున్న యెడమచేతిమీద తన చేయి నుంచెను. మలుపు రాగా గేరు మార్చవలసివచ్చినను శేషగిరి చేయి తీసికొనలేదు. వేగముగ పోనేర్చినవారు లోకమున కొల్లలుగ నుందురు. తనవారి కొఱకు ఒక్క యూపిరి జాగుచేయనేర్చినవాడు ఏ కొంపలో నుండునో ఆ కొంపకు చుట్టములు తప్పక వత్తురు.