ఆరో చోటు, మైనస్ మూడు

"నీకు అన్నిట్లోనూ అనుమానమే" అన్నాడు భర్త.

ఆమె ఒక చేత్తో ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ, రెండో చేత్తో బల్ల కొసన పరిచిన సర్వే కాగితాలు తిరగేస్తోంది. జాగ్రఫీ టీచరుకు ఆ ఇంట్లో తనదంటూ ఒక బల్ల లేదు. ఇస్త్రీ బల్ల ఖాళీగా ఉంటే అదే ఆఫీసు, లేకపోతే అందులో ఒక మూల ఆఫీసు. ఆ వారం తొమ్మిదో తరగతి పిల్లలు బడి వదిలాక జట్లు జట్లుగా బజారు వీధికి వెళ్ళి ఫీల్డ్‌వర్కు చేసుకొచ్చారు. వీధి పొడుగునా ఎనిమిది చోట్ల ఆగాలి. శుభ్రత, చప్పుడు, నీడ, నడవడానికి హాయి, ఒక్కోదానికీ మైనస్ మూడు నుంచి ప్లస్ మూడు దాకా మార్కు వెయ్యాలి. అన్ని కాగితాలూ బాగానే ఉన్నాయి, ఆరో చోటు దగ్గర తప్ప. అక్కడ 'నడవడానికి హాయి' అన్న గడిలో ఆడపిల్లలందరూ మైనస్ మూడే వేశారు. మాటవరసకైనా ఒక్కరు మైనస్ రెండు వెయ్యలేదు. మగపిల్లలెవరూ ప్లస్ రెండుకు తగ్గలేదు. అందరిదీ ఒకే మార్కయితే ఒకరు వేశారు, మిగతావాళ్ళు చూసి దించారు అని ఏ టీచరైనా అనుకుంటుంది. ఆమె కూడా అదే అనుకుంది. కాకపోతే ఆ ఆరో చోటు ఆయన జిరాక్సు షాపు ముందు.

"నా షాపు ముందు గుంతలున్నాయా, చెత్త ఉందా? చక్కగా బెంచీ కూడా వేయించాను. కాపీ కొట్టారు, అంతే. కొట్టిపారెయ్" అన్నాడాయన.

"ఆడపిల్లల్ని వీధుల్లోకి తోలి వీధికి మార్కులు వేయించడమేంటమ్మాయ్, చదువంటే అదేనా?" అంది లోపలి గదిలోంచి అత్తగారు.

మార్కుల మాట ఆ ఇంట్లో ఎత్తకుండా ఉంటేనే మంచిది. పెళ్ళయిన కొత్తల్లో మొదలుపెట్టాడాయన, భోజనం ముగిస్తూ ఆమె వంటకు పదికి ఇన్ని అని చెప్పడం. ఎంత బాగా కుదిరినా ఏడు దాటదు. ఎక్కువ రోజులు ఆరున్నరే. ఆ 'న్నర'ని సాగదీసి, ఏదో దానం చేస్తున్నట్టు అంటాడు. బయటికి వెళ్ళేముందు ఆమె తయారైన తీరుకీ మార్కులుంటాయి. మొదట్లో నవ్వింది, తర్వాత నవ్వినట్టు నటించింది, ఆ తర్వాత అదీ మానేసింది. "సరదాకన్నదానికి మొహం మాడ్చుకుంటావేం?" అనేవాడు. తరగతిలో ఆమె పొద్దస్తమానం నేర్పేది అనుమానించడమే. ఈ అంకె ఎవరు తెచ్చారు, ఏ వేళప్పుడు తెచ్చారు, నిజంగా వెళ్ళి చూశారా, ఇంట్లో కూర్చుని రాశారా అని అడిగి అడిగి పిల్లల ప్రాణం తీస్తుంది. దాన్ని పుస్తకంలో మూల్యాంకనం అంటారు, మంచి మార్కులు కూడా పడతాయి. అదే పని ఇంట్లో చేస్తే జబ్బు అంటారు.

మర్నాడు హెడ్మాస్టరు కాగితాలు అటూ ఇటూ తిప్పి, "ఆడపిల్లలవి పక్కన పెట్టెయ్యండి మేడం. శనివారం తల్లిదండ్రులు ప్రదర్శనకు వస్తున్నారు. ఎవరైనా అడిగితే మనకెందుకొచ్చిన గొడవ" అన్నాడు. ఆమెకు అది సబబుగానే తోచింది. అయినా పిల్లల్ని ఒక మాట అడగకుండా కొట్టెయ్యడానికి మనసొప్పలేదు. ఆడపిల్లల జట్టుకు పెద్ద, అందరూ కళ్ళజోడు అని పిలిచే పిల్ల. దాన్ని స్టాఫ్ రూమ్ వరండాలోకి పిలిచింది.

"నిజం చెప్పు. ఎవరిది చూసి ఎవరు రాశారు?"

"ఎవరం చూడలేదు మేడం."

"మరి అందరిదీ ఒకే అంకె ఎలా వచ్చింది?"

కళ్ళజోడు తలొంచుకుంది. "అంతకంటే కింద అంకె లేదు కదా మేడం" అంది.

ఆ సాయంత్రం ఆమె స్వయంగా ఆరో చోటికి వెళ్ళింది. కొలత మీద అనుమానం వస్తే మళ్ళీ కొలవాలి, అది ఆమె చెప్పే పాఠమే. బెంచీ మీద ఆయన స్నేహితులు ముగ్గురు ఆమెను చూడగానే లేచి నిలబడ్డారు. ఒకాయన సిగరెట్టు వెనక్కి దాచాడు. ఒకాయన కాళ్ళు ముడుచుకుని "రండి మేడం, రండి" అని దారిచ్చాడు. భర్త షాపు లోపల్నుంచి తొంగిచూసి, "ఏంటి, తనిఖీయా?" అని నవ్వాడు. ఆమె మనసులో ప్లస్ రెండు వేసుకుంది. ఇంటికి నడుస్తుంటే గుండెల మీంచి బరువు దిగినట్టయింది. అంత బరువు అక్కడికి ఎప్పుడొచ్చి చేరిందో మాత్రం ఆలోచించలేదు.

"నేను చూసొచ్చాను. అక్కడేమీ లేదు" అంది మర్నాడు కళ్ళజోడుతో, కాస్త కటువుగానే.

"మీరు వెళ్తే ఏముంటుంది మేడం. మీరు షాపు సార్ భార్య కదా."

"అయితే?"

"మనమే కాదు మేడం. అక్కడ వాళ్ళూ వేస్తారు మార్కులు" అని, ఇంకేమీ అడగనివ్వకుండా తరగతిలోకి వెళ్ళిపోయింది.

ఆ మాట ఆమెను రోజంతా తొలిచింది. పిల్లలు కట్టుకథలు అల్లుతారు, నిజమే. దొరికిపోయినప్పుడు ఇంకా బాగా అల్లుతారు, అదీ నిజమే. కానీ అల్లే పిల్లలు వివరాలు ఎక్కువ చెబుతారు. ఈ పిల్ల చెప్పాల్సినదాంట్లో సగం మింగేసింది. అనుమానం పిల్లల మీంచి లేచి ఎటు వాలాలా అని ఇల్లంతా తిరిగింది. ఆమె వద్దు వద్దంటూనే దాన్ని అదిలించలేకపోయింది.

శుక్రవారం సాయంత్రం, అలవాటు ప్రకారం, షాపు వెనక గదిలో కూర్చుంది. ఎవరెవరో టైపు చేయించుకున్న కాగితాల్లో తప్పులు దిద్దడం ఆమె పని. "మా ఆవిడ టీచరు, ఒక్క అక్షరం పొల్లుపోదు" అని ఆయన గొప్పగా చెప్పుకునే పని. ఎన్నేళ్ళు చేసినా "సాయం చేస్తోంది" అనే పేరే తప్ప పని అన్న పేరు దానికి రాలేదు. ఆ రోజు ఆమె మామూలు కంటే ముందొచ్చింది. ఆయన షాపు ముందు స్నేహితులతో ఉన్నాడు, ఆమె వెనక తలుపులోంచి లోపలికి రావడం చూడలేదు. జిరాక్సు మిషను ఆగి ఉంది.

బడి వదిలిన చప్పుడు వీధిలోకి వచ్చింది. ఆడపిల్లల మాటలు, నవ్వులు దగ్గరవుతూ షాపు దాకా వచ్చి హఠాత్తుగా ఆగిపోయాయి. చెప్పుల చప్పుడు మాత్రం వేగం పుంజుకుంది. బెంచీ మీంచి ఒక గొంతు "ఐదు" అంది. ఇంకో గొంతు "పోనీలే, ఆరెయ్" అంది. నవ్వులు. ఆ తర్వాత తీరుబడిగా, సాగదీస్తూ, దానం చేస్తున్నట్టు, "ఆరున్నర."

ఆ గొంతును పోల్చుకోవడానికి తొంగిచూడక్కర్లేకపోయింది. ఇన్నేళ్ళూ కంచం ముందు విన్న గొంతది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది, వెంటనే సిగ్గు ముంచుకొచ్చింది. సిగ్గు ఆయన గురించి కాదు. ఆ పిల్లలు బయట వినే మాటే తను ఇంట్లో వింటూ సరదా అనుకోబోయినందుకు, ఆ పిల్లల్ని కాపీ దొంగలన్నందుకు. తలొంచుకుని వెళ్ళే దారి ఎంత హాయిగా ఉంటుందో తనకు తెలియదా? తెలుసు. ఆ అంకె మైనస్ మూడు కంటే కిందికి దిగదు కాబట్టే అక్కడ ఆగింది, లేకపోతే ఇంకెక్కడికి దిగేదో.

లేవబోతుంటే ప్రింటరు పక్కన చార్టు కనిపించింది. రేపటి ప్రదర్శన కోసం రంగుల్లో తీసిపెట్టమని, ఆడపిల్లల అంకెలు తియ్యకుండానే, ఆమే ఇచ్చిన బార్ గ్రాఫ్. అన్ని చోట్లా ఆమె ఇచ్చిన అంకెలే ఉన్నాయి. ఆరో చోట మాత్రం ఆడపిల్లల గీత కింద ఉండాల్సింది పైకి లేచి, మగపిల్లల గీతకు సరిసమానంగా ముచ్చటగా నిలబడింది.

ఆయన లోపలికొచ్చి ఆమెను చూసి ఒక్క క్షణం తడబడ్డాడు. "ఎప్పుడొచ్చావ్?"

"ఇదేంటి?"

"ఓ, అదా. మైనస్ పొరపాటున పడిందేమో అనుకున్నా. తప్పులు దిద్దేది నువ్వొక్కదానివేనా?" అని నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి, "మన షాపు పరువు కదా. మనం మనం ఒకటి" అన్నాడు. ఆమె చార్టు మడిచి సంచీలో పెట్టుకుంది. టైపు కాగితాలు దిద్దకుండానే ఇంటికి వెళ్ళింది.

శనివారం పొద్దున్నే ఆడపిల్లల్ని పిలిచి, తెల్ల చార్టు మీద గ్రాఫంతా చేత్తో గీయించింది. ఆరో చోటు దగ్గర కళ్ళజోడు స్కేలు పట్టుకుని ఆమె మొహంలోకి చూసింది. "ఎంత వస్తే అంత గియ్యి" అందామె. గీత చార్టు అడుగుదాకా దిగింది. కింద మూల్యాంకనం అన్నచోట, ఆ అంకె అలా ఎందుకొచ్చిందో పిల్లలు తమ మాటల్లో రాసుకున్నారు. ఆమె అక్షరదోషాలు తప్ప ఏమీ దిద్దలేదు.

పదకొండింటికి హాలు నిండింది. ఆయన కూడా వచ్చాడు. టీచరు భర్తగా ముందు వరసలో నిలబడి నలుగురినీ పలకరిస్తున్నాడు. హెడ్మాస్టరు చార్టులన్నీ చూస్తూ ఆ చార్టు దగ్గర ఆగాడు. కింద రాసింది చదివాడు. ఆయన వెనక ఇద్దరు ముగ్గురు తల్లులు కూడా చదివి, తమ పిల్లల వైపు తిరిగారు. పిల్లలు కాలి బొటనవేళ్ళ వంక చూసుకుంటున్నారు.

"ఇది తీసెయ్యమన్నాను కదా మేడం" అన్నాడు హెడ్మాస్టరు గొంతు తగ్గించి. "బెంచీ మీద కూర్చుని మార్కులు వేస్తారా? చిన్నపిల్లలు ఏదో రాస్తారు. పెద్దవాళ్ళు ఒక్కరైనా విన్నారా?"

ఆమె భర్త వైపు చూసింది. ఆయన కొత్తవాళ్ళను చూసి నవ్వే నవ్వు నవ్వి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"నేను విన్నాను సార్" అందామె, హాల్లో అందరికీ వినబడేలా. "గొంతు కూడా గుర్తుపట్టాను. మా వారిదే. ఇక్కడే ఉన్నారు, అడగండి."

అని, సమాధానం చెప్పడానికి ఆయనకు చోటిస్తూ, చార్టు ముందునుంచి పక్కకు జరిగింది.